కోత పండుగకు జింకను తెస్తానన్న ఏడు

మొన్న శనివారం పొద్దున నేను కాఫీ పెట్టుకుంటూ ఉండగా అరిజోనాలోని చాండ్లర్ నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, పలకరింపులు కూడా పూర్తి కాకముందే, "అత్తా, నేను బో కొన్నా! డీర్ హంటింగ్‌కి వెళ్దామనుకుంటున్నా. బిగినర్స్‌కి టిప్స్ ఏవైనా ఉంటే మెసేజ్ పెట్టవా?" అని అడిగింది. అక్కడ కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరుగా చేస్తున్న ఈ పిల్ల తండ్రే, ఇరవయ్యేళ్ల కిందట నేను న్యూజెర్సీలో విల్లు పట్టానని తెలిసిన రోజున, "వెళ్లినదానివి ఉద్యోగం చేసుకోక ఈ వేటలేంటే? మతి పోయిందా నీకు?" అని ఖండాంతరం నుంచి ఫోన్లో కేకలేసిన మహానుభావుడు. మనల్ని చూసి తల పట్టుకున్నవాళ్ల పిల్లలే వచ్చి మనల్ని సలహా అడిగితే కలిగే సంతోషం ఎలాంటిదో నా ఈడువారికి వేరే చెప్పనక్కర్లేదు.

అప్పట్లో మేము పార్సిప్పనీలో, ఏ తలుపు తట్టినా తెలుగువాళ్లే తీసే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, మెట్లెక్కుతూ ఉంటేనే ఎవరింట్లో ఏ కూరో తెలిసిపోయేది. మా ఆయనా నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ఆఫీసులో మా టీమ్ లీడ్, నా వయసు అమెరికన్ ఆవిడ, ఒకరోజు మధ్యాహ్నం తన డబ్బాలోని మాంసం కొంచెం రుచి చూపించి, అది తానే విల్లుతో కొట్టిన జింకదని మామూలుగా, పెరట్లో బెండకాయలు కోసుకొచ్చానన్నట్టు చెప్పింది. నాకు ఆ మాంసం కన్నా ఆ చెప్పిన తీరు నచ్చింది. నేర్పిస్తావా అని నేను అడగడం, ఆవిడ సరేననడం, తన తండ్రిగారి ఆపిల్ తోటలో గడ్డిమూటలకు గురి కట్టి నా చేతికి విల్లివ్వడం ఒక్క నెలలో జరిగిపోయాయి. వేట లైసెన్సుకు కావలసిన క్లాసులో చీర కట్టడం తెలిసినదాన్ని నేనొక్కర్తినే, పరీక్షలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు.

గురి కుదరడం అన్నిటికన్నా తేలిక అంటే కొత్తవాళ్లు నమ్మరు. వేసవి అంతా పల్చటి చొక్కాలో తాడు లాగి సాధన చేసి, తీరా చలికాలం దళసరి కోటు తొడుక్కుని కూర్చుంటే, వదిలిన తాడు చేతి మడతకు తగిలి బాణం ఎటో పోతుంది, అందుకే వేటకు ఏది వేసుకుంటామో అదే వేసుకుని, అది కూడా కూర్చునే సాధన చెయ్యాలి. చెట్టుకు కట్టిన మంచె ఎక్కేముందు ఒంటికి పట్టీ బిగించి చెట్టుకు తగిలించుకోవాలి, దిగేదాకా విప్పకూడదు. ఇవన్నీ నేను బుద్ధిగా పాటించాను, అయినా మొదటి నెలంతా ఒక్క జింకా నా దగ్గరకు రాలేదు. దూరంగా కనబడేది, ముక్కెత్తేది, ముందుకాలు నేలకేసి తట్టి, తెల్లటి తోక ఎత్తి చెట్లలోకి మాయమయ్యేది. చివరికి మా టీమ్ లీడే నా పక్కకొచ్చి వాసన చూసి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. శనివారం పూట తలకు కొబ్బరినూనె పెట్టుకుని, వంటింటి పక్క అల్మారాలో కోడికూర తిరగమోతలన్నీ పీల్చుకున్న కోటు తొడుక్కుని, నేను జింకల కోసం మాటు వేస్తున్నానన్నమాట! ఆనాటి నుంచి వేట బట్టలు వాసనలేని సబ్బుతో ఉతికి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో కారు డిక్కీలోనే ఉంచాను. గాలి ఎటు వీస్తోందో చిటికెడు పిండి వదిలి చూసుకోనిదే మంచె ఎక్కలేదు.

ఇంతలో నా నోరు ఊరుకోలేదు. మా తెలుగు క్రైస్తవ సంఘం అప్పట్లో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేది. కోస్తాలో మా ఊళ్లలో కోత పండుగంటే ఎవరి కష్టంలో మొదటిది వాళ్లు, మొదటి వరిపనో, గుమ్మడికాయో, కోడిపుంజో తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టేవారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తే పోటీలుపడి పాడేవారు. న్యూజెర్సీలో మనకు చేలెక్కడివి? ఇండియన్ స్టోరులో కొన్న బియ్యం బస్తా, మామిడికాయల పెట్టె తెచ్చేవాళ్లం, బస్తా మీద కొట్టువాడి చీటీ కూడా పీకేవాళ్లం కాదు. అది నాకెందుకో మనసుకు పట్టేది కాదు. ఆ ఏడు, దేవుడు చేసిన మేళ్లు ఒక్కొక్కరూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి, ఈసారి నా ప్రథమ ఫలం కొట్టులోంచి రాదు, నా చేతులతో సంపాదించిన జింకను తెస్తానని అందరి ముందూ చెప్పేశాను.

ఇంటికి వస్తూ కారులో మా ఆయన, "మాకు చెప్పావు సరే, ఆ జింకకి కూడా చెప్పావా?" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎవరో ఒకరు, "సిస్టర్, ఫ్రీజర్‌లో ప్లేస్ చేసి పెట్టాం, డీర్ ఎప్పుడొస్తోంది?" అనేవారు. నవ్వేదాన్ని గానీ, లోపల గుబులుగానే ఉండేది. దేవుని పేరు మీద అన్న మాట, ఆడదానికెందుకీ పని అంటూ నేనెప్పుడు ఓడిపోతానా అని ఎదురుచూస్తున్నవాళ్ల ముందు అన్న మాట.

పండుగ ముందురోజు శనివారం, అదే ఆఖరి అవకాశం. సాయంత్రం ఎండ దిగుతూ ఉండగా ఆపిల్ చెట్ల వరస చివర ఒక పెద్ద జింక వచ్చి నిలబడింది. నేను గడ్డిమూట మీద ప్రతిసారీ తప్పకుండా కొట్టగలిగే దూరానికి అది అవతల ఉంది, పైగా ఎదురుగా నన్నే చూస్తున్నట్టు నిలబడింది. జింక పక్కకు తిరిగి ఉన్నప్పుడే భుజం వెనక బాణం సరిగ్గా దిగి క్షణాల్లో ప్రాణం పోతుంది, ఎదురుగా ఉన్నప్పుడు కొడితే ఎముకకు తగిలి, గాయంతో ఏ పొదల్లోనో రోజుల తరబడి తీసుకుని తీసుకుని చస్తుంది. ఇది తెలిసి కూడా తాడు లాగాను. నా కళ్ల ముందు జింకతో పాటు సంఘమంతా కనబడింది, మా అన్నయ్య కూడా. తగిలితే తగులుతుందేమో, ఎవరు చూడొచ్చారు అని ఒక మనసు అంటూనే ఉంది. భుజం ఇక ఆగననేదాకా పట్టుకుని, ఆఖరికి తాడును మెల్లగా మొదటి చోటికి తెచ్చి బాణం దించేశాను. లాగిన తాడును వదలకుండా దించడం వదలడం కన్నా కష్టమని చేసినవాళ్లకే తెలుస్తుంది. జింక తీరిగ్గా నడిచి వెళ్లిపోయింది, నేను మంచె మీదే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు బల్ల నిండా బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, ఎవరో బాల్కనీ కుండీలో పెంచిన నాలుగు వంకాయలు. నా పేరు పిలిచినప్పుడు ఉత్త చేతులతో వెళ్లి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. దేవునికిచ్చేది హింసపెట్టి తేలేకపోయానని అన్నాను. వెనక వరసలో ఎవరో ఒకావిడ కిసుక్కుమన్నారు. అప్పుడు మా పాస్టరమ్మగారు ముందు వరసలోంచే, "కూర్చో అమ్మా. నీ జింక వచ్చిన రోజు పులావుకి బియ్యం నేను తెస్తాలే," అన్నారు. 'వస్తే' అనలేదు, 'వచ్చిన రోజు' అన్నారు. ఆ మాట పట్టుకుని నేను మళ్లీ మంచె ఎక్కాను.

జింక వచ్చింది. మూడు వారాల తర్వాత, పక్కకు తిరిగి, నా గడ్డిమూటంత దగ్గరగా. బాణం తగిలాక వెంటనే పరిగెత్తకూడదు, తరిమితే అది ఇంకా దూరం పోతుంది. నేర్పినట్టే కదలకుండా కూర్చుని, చాలాసేపటికి దిగి వెళ్లేసరికి చివరి చెట్టు కింద ప్రశాంతంగా పడి ఉంది. దాని మెడ మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెప్పుకున్నాను. అంతవరకు వేళాకోళం చేసిన మా ఆయన, ఫోన్ చేయగానే వచ్చి, చొక్కా చేతులు మడిచి జింక కాళ్లు పట్టి కారుదాకా మోశారు.

ఆదివారం మా సంఘపెద్ద ఉత్సాహంగా వేలం మొదలుపెట్టబోతే నేనే ఆపాల్సి వచ్చింది, వేటాడిన జింక మాంసం ఈ దేశంలో అమ్మకూడదని మాకు క్లాసులో మొదటే చెప్పారు. పాస్టరమ్మగారు అన్నట్టే బియ్యం తెచ్చారు. హాలు వెనక వంటగదిలో అందరం కలిసి వండి, ఎక్కువ పాడినవాళ్ల ఇంటికి వెళ్లాల్సిన కానుకను అందరి ప్లేట్లలోనూ వడ్డించాం. కిసుక్కుమన్న ఆవిడ రెండోసారి పెట్టించుకున్నారు. ఆ వడ్డించే గరిటె పట్టుకున్నప్పుడు కలిగిన గర్వం నాకు ఏ ప్రమోషన్‌లోనూ కలగలేదు, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇప్పుడా ఆపిల్ తోట లేదు, వరసగా టౌన్‌హౌసులు కట్టారు, జింకలు వాళ్ల పచ్చిక మీదకొచ్చి మనుషుల్ని చూసినా జంకకుండా పూలమొక్కలు తింటున్నాయి. మా టీమ్ లీడ్ రిటైరై వేరే రాష్ట్రం వెళ్లిపోయింది. సంఘానికి సొంత భవనం వచ్చింది, కానుకలు ఫోన్లోనే వేసేస్తున్నాం, వేలం పాడేంత తీరిక ఎవరికీ లేదు. నా కుడి భుజం అరిగిపోయిందని, ఇక తాడు లాగొద్దని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. కిందటి కోత పండుగకు నేనూ అందరిలాగే ఇండియన్ స్టోరుకెళ్లి మంచి బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు కొని సంచి నిండా పట్టుకెళ్లాను. నా పేరు పిలిచారు, వెళ్లి బల్ల మీద పెట్టాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు ఉత్త చేతులతో నిలబడ్డప్పుడు లేని సిగ్గు, నిండు సంచితో నిలబడ్డ ఆ రోజు కలిగింది.