రెఫరీకి శాలువా కప్పారు

మా రాయచూరు వైపు ఎవరినైనా పనికి దూరంగా ఉంచాలంటే తిట్టరు, సన్మానం చేస్తారు. శాలువా, మైసూరు పేట తలపాగా, పండ్ల బుట్ట. చేతులు రెండూ నిండిపోతే ఇక ఏం పని చేస్తావు?

నేను ఫుట్‌బాల్ రెఫరీని. కల్లూరు పొలం గట్ల మీద, తర్వాత యరమరస్ రోడ్డు పక్కన పరుగెత్తి పరుగెత్తి అంతర్జాతీయ బ్యాడ్జి తెచ్చుకున్నాను. అది ఒకసారి వస్తే ఉండిపోయేది కాదు. ఏటేటా పరుగు పరీక్ష పెడతారు, కాస్త వెనకబడితే ఇంటికే. పరాయి దేశాల్లో ఎర్ర కార్డు చూపిస్తే ఆటగాళ్ళు గొణుక్కుంటూనైనా బయటికి నడిచారు. మా జిల్లాలో మాత్రం ఒక్క మగవాళ్ళ మ్యాచికి నన్ను విజిల్ ఊదనివ్వలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి వచ్చినా ఇంట్లోకి రానివ్వరే!

అందుకే, యరమరస్ టోర్నమెంటు కమిటీ పెద్దాయన ఫోన్ చేసి ఫైనల్ నువ్వే ఆడించాలి అన్నప్పుడు ఎగిరి గంతేశాను. పోస్టర్లలో నా ఫోటో వేశారు. ఆ రోజు కిట్ వేసుకుని, బూట్ల లేసులకు రెండేసి ముళ్ళు వేసుకుని వెళ్ళాను. స్టేజి ఎక్కించి ఆ కిట్ మీదే శాలువా కప్పారు. మైకులో అరగంట పొగిడి మునగచెట్టు ఎక్కించారు. కిందికి చూస్తే విజిల్ ఊరి బడి పీటీ మాస్టారి మెడలో ఉంది.

"గిదేంది కాకా?" అన్నాను పెద్దాయనతో.

"ఇంత ఎండల నువ్వెందుకు ఉరకాలె బిడ్డా? పోరగాళ్ళు నోరు జారుతరు. నీ ఇజ్జత్ మా ఇజ్జత్ గాదా? సల్లగ కూసో."

ఒళ్ళు మండిపోయింది. నేను ఆ ఎండలోనే పెరిగాను! అయినా పెద్దమనిషి, పదిమందిలో గొడవ ఎందుకని కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

యరమరస్ జట్టు డిఫెండర్ మొదటి సగంలో దేవదుర్గ ఆటగాడి కాళ్ళకు అడ్డం పడితే మాస్టారు పసుపు కార్డు చూపించాడు. నంబరు రాసుకోలేదు. రెండో సగంలో అదే డిఫెండర్ చొక్కా పట్టి లాగితే మళ్ళీ పసుపు కార్డే. రెండు పసుపులంటే బయటికి పోవాల్సిందే. పోలేదు. పది నిమిషాల తర్వాత గెలుపు గోలు కొట్టింది కూడా అతనే.

దేవదుర్గ జట్టు మాస్టారి చుట్టూ మూగింది. "మొదటి కార్డు వేరేటోనికి ఇచ్చిన" అన్నాడు ఆయన. దేవదుర్గ కెప్టెన్, ముప్పై ఏళ్ళ మనిషి, స్టేజి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నువ్వు జూసినవ్ గదా. జెర చెప్పు."

చూశాను. రెండు సార్లూ అదే నంబరు. కానీ మైదానం బయట కూర్చున్నవాళ్ళ మాట మీద రెఫరీ నిర్ణయం మారకూడదు. ఆ రూలు చెప్పి ఎంతమంది కోచ్‌లను నోరు మూయించానో నాకే లెక్క తెలియదు. నోరు విప్పలేదు. రూలు సరైనదే. నన్ను మైదానం బయట కూర్చోబెట్టినవాళ్ళ పళ్ళు రాలగొట్టాలనిపించింది.

కప్పు యరమరస్ తీసుకుంది. ఫోటోకు రమ్మని పెద్దాయన పిలుస్తుంటే వినకుండా, సారీ చెబుదామని దేవదుర్గ వాళ్ళ టెంపో దగ్గరికి వెళ్ళాను. కెప్టెన్ బూట్లు విప్పుకుంటున్నాడు.

"మేమంత బెంగళూరుల సెంట్రింగ్ పని జేస్తం అక్కా. మేస్త్రి ఛుట్టీ ఇయ్యకపోతె పని ఇడిసి వచ్చినం. ఈడ ఎప్పుడూ గిట్లనే జేస్తరని మాకు ఎర్కనే. పోస్టర్ల నీ ఫోటో జూసే వచ్చినం."

కోపంగా అనలేదు. మామూలుగా చెప్పి టెంపో ఎక్కాడు.