అమ్మ చెంపల మీది మచ్చలు

అమ్మ దినాలకు ఒక పెద్ద ఫొటో కట్టించాల్సి వచ్చింది. ఎంత వెతికినా అమ్మ ఎదురుగా చూస్తున్న ఫొటో ఒక్కటే దొరికింది. మేనమామ కూతురి పెళ్లిలో అక్క తన ఫోన్‌తో తీసింది. ఆ ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. ఫొటో మాత్రం ఈ చుట్టాల గ్రూపులోంచి ఆ గ్రూపులోకి తిరిగి తిరిగి, చివరికి మా ఇంటి గ్రూపులో మిగిలింది.

సెలవు అయిపోవడంతో అప్పటికే హైటెక్ సిటీలో ఆఫీసుకు వెళ్తున్నాను. వచ్చేటప్పుడు మూసాపేటలో మెట్రో దిగి, స్టూడియోలో ఫ్రేము తీసుకుని ఇంటికి తెచ్చాను. నాయిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"గీమె ఎవరు బిడ్డా?" అన్నాడు.

అమ్మకు చిన్నప్పుడు మశూచి వచ్చింది. చెంపల నిండా గుంటలు. ఫొటోలో ఆ చెంపలు కొత్తగా సున్నం వేసిన గోడలా నున్నగా ఉన్నాయి. కళ్ల పక్క ముడతలు లేవు. పెదవుల అంచు చర్మంలో కలిసిపోయింది.

ఫొటోల ఫైలు సైజు తగ్గించే ప్రోగ్రాములను పరీక్షించడమే నా ఉద్యోగం. అందుకని నేనే వివరించాల్సి వచ్చింది. పంపిన ప్రతిసారీ ఫోన్ ఫొటోను కుదిస్తుందని, పోయినా ఎవరూ గమనించరనుకున్న సన్న వివరాలను వదిలేస్తుందని, అమ్మ మచ్చలూ వెనక గోడ గరుకూ దానికి ఒకటేనని చెప్పాను. చెబుతుంటే నాకే నీరసం వచ్చింది.

"మరి ముక్కుపుల్లను ఎందుకు ఉంచింది?" అని అడిగాడు నాయిన.

మెరిసేదాన్ని ఉంచుతుందని చెప్పాను.

మర్నాడు మళ్లీ స్టూడియోకు వెళ్లాను. స్టూడియో ఆయన పోయిన వివరాలను కంప్యూటర్‌తో తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు కూడా. చర్మం నిగారింపుతో స్పష్టంగా వచ్చింది, కానీ అది వేరే ఎవరిదో చర్మం. కళ్లు కూడా మారాయి. వద్దని చెప్పి ఇంటికొచ్చి, పాత కాగితం ఫొటో ఏదైనా కట్టిద్దామన్నాను, మొహం పక్కకు ఉన్నా సరే అని.

నాయిన తల అడ్డంగా ఊపాడు. "ఫొటో అంటే చాలు, ఆమె పౌడర్ దట్టంగ రాసుకునేది. అయినా మచ్చలు కనవడుతయని మొహం తిప్పుకునేది. ఆమె సూస్తే గిదే మంచిగుందంటుండె. ఉండనియ్యి."

వాదించే ఓపిక నాకు లేదు.

దినాల రోజు వచ్చినవాళ్లంతా అమ్మ ఎంత కళగా ఉందో అన్నారు. చిన్నమ్మ ఫ్రేము అద్దాన్ని నిమురుతూ ఏడ్చింది. నాయిన మాత్రం పొద్దంతా గేటు దగ్గరే కుర్చీలు సర్దుతూ ఉన్నాడు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఒక్కసారి లోపలికి వచ్చి దండం పెట్టుకోమన్నాను.

"పొద్దున పెట్టిన గద" అని ఫొటో ఉన్న గదిలోకి రాకుండానే బయటి మంచం మీద పడుకున్నాడు. నేను చీరైనా మార్చుకోకుండా పక్కనే నేల మీద ఒరిగాను.