దేవిక వేసిన చౌడు మడి

పోతనాళ దగ్గర, కాలువ కింద సాగుకు వలస వచ్చిన మా రైతుల క్యాంపులో, బాపయ్య కూతురు దేవిక పీహెచ్‌డీ చేసి వచ్చినప్పుడు, డాక్టరమ్మ వచ్చిందని మోకాళ్ల నొప్పులు చెప్పుకోవడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. "నేను వరి మీద చదివాను బాబాయ్" అని నవ్వింది. మాలిక్యులర్ బయాలజీ అంటే ఏమిటో చాలాసేపు చెప్పింది. నాకర్థమైంది ఒకటే: పైరు ఎందుకు బతుకుతుందో, ఎందుకు చస్తుందో దాని జన్యువుల్లో వెతుకుతుంది.

ఆ వెతుకులాట మాకే అవసరం. కాలువ నీళ్లు ఏళ్ల తరబడి పారించి పారించి పల్లపు చేలన్నీ చౌడుబారాయి. నాటిన సన్నాలు ఎర్రబడి చస్తున్నాయి. దేవిక ఎక్కడో ఒక పాత పొడుగు వరి సంపాదించింది. అది చౌడుకు తట్టుకుంటుంది, కానీ అన్నం నోట పెట్టలేం. దాన్ని సన్నాలతో సంకరం చేసి, వచ్చిన విత్తనమంతా తండ్రి మడిలో నాటించింది. ఏవి బతుకుతాయో చూసి, వాటి ఆకుల్లో ఆ గుణం ఎక్కడుందో పట్టుకోవాలి. ఆమె ఏళ్ల కష్టమంతా ఆ మడిలోనే ఉంది.

"ఎరువు వేయకు, మందు కొట్టకు నాన్నా" అని చెప్పి వెళ్లింది. పీకవద్దని చెప్పలేదు. ఎవరు మాత్రం చెబుతారు?

మడిలో ఒక్క మొక్క పొడుగ్గా తలెత్తినా బాపయ్యకు చేతులు ఊరుకోవు. అలా చేలో కలిసిన వేరే రకం మొక్కల్ని మేం కేళీలంటాం. చేలో కేళీ ఉందంటే రైతుకు తలవంపులే. కూతురు ఆఫీసర్లతో వస్తోందని తెలిసి ముందురోజే మడిలో దిగి, పొడుగ్గా పచ్చగా ఉన్నవన్నీ పీకేశాడు. పొట్టివి, ఎర్రబడ్డవి మిగిలాయి.

దేవిక ఆఫీసర్లతో, ఆకులు కోసుకెళ్లే ఐసు పెట్టెతో వచ్చి, చూసి, గట్టు మీద కూలబడింది.

"కేళీలమ్మా. నలుగురూ చూస్తే నవ్వరూ?" అన్నాడాయన, మెచ్చుకుంటుందనుకుని.

"నాక్కావలసినవి అవే నాన్నా" అని ఏడ్చేసింది. బాపయ్య ముఖం నేను చూడలేకపోయాను.

గేదెల్ని చూసే బసమ్మ కేకేసింది. "నాయన పీకి ఏసినయి బర్రెలు శానా మేసినయక్కా. కొట్టంల జర మిగిలింది, వచ్చి సూడు!"

వడిలిన ఆ మొక్కల్ని తండ్రీకూతుళ్లు బురద బకెట్లలో నాటారు. చాలా చచ్చాయి. బతికిన కొన్నిటిలోనే దేవిక ఆ జన్యువును పట్టుకుంది. ఇల్లు అలకగానే పండగ కాదు గదా. మళ్లీ మళ్లీ సన్నాలతో కలిపి, చౌడుకు నిలిచే మొక్కేదో నారుమడిలోనే ఆకు పరీక్షతో తేల్చే పద్ధతి కనిపెట్టింది. ఆ పని చేసిన మొదటి మనిషి ఆమేనట, ఢిల్లీలో సన్మానం చేశారు. మా క్యాంపంతా గర్వంతో ఊగిపోయింది.

నిరుడు ఆ వరి మా పల్లపు చేలల్లో పండింది. కోతకు ముందు బాపయ్య గట్టు మీద నిలబడి, ఇన్నేళ్లూ అడగలేని మాట అడిగాడు.

"అమ్మాయ్, నేను పీకేసినవాటిలో దీనికన్నా మంచిది ఉందంటావా?"

లేదని ఒక్క అబద్ధమాడితే ఈ పిల్ల సొమ్మేం పోయింది? దేవిక ఆడలేదు.

"ఉండే ఉంటుంది నాన్నా. ఇక తెలియదు."

నాకు ఒళ్లు మండింది. బాపయ్య మాత్రం ఒక వెన్ను తుంచి, గింజలు అరచేతిలో నలిపి చూశాడు.

"అయితే మళ్లీ మొదట్నుంచీ వేద్దాం" అన్నాడు. "నాట్లు పడగానే నేను మీ మేనత్తావాళ్ల ఊరెళ్లిపోతా. కోతలకు పిలువు, అప్పుడొస్తా."