బండి పట్టాలతో నిలిచిన టవర్

కాగజ్‌నగర్‌లో రైలు దిగేసరికి వాన పడుతోంది. అక్కడి నుంచి లారీలో ఒక పూట ప్రయాణం, అడవి క్యాంపుకు. లారీ దిగగానే నల్లరేగడి బూట్లను పట్టుకుంది. ఎనభైల చివరి రోజులు. నేను కేంద్ర సాయుధ పోలీసు దళంలో ఇంజినీరింగ్ హవల్దారును. మాది కరీంనగర్ పక్క పల్లె. క్యాంపు మొత్తంలో తెలుగువాణ్ని నేనొక్కణ్నే.

మొదటి రోజే క్యాంపు పక్క ఊళ్లో మంచినీళ్లు అడిగాను. ఒక ముసలమ్మ బిందె బోర్లించింది.

"మా బాసనే మాట్లాడుకుంట మా మీదికే తుపాకి పట్టుకొస్తివా?" అంది. దాహంతోనే తిరిగొచ్చాను.

నా పని కాపలా టవర్. నాలుగు ఇనుప కాళ్లు, ఒక్కో కాలి కింద కాంక్రీటు దిమ్మె, దిమ్మెలో నాలుగు బోల్టులు. గాలి కొడితే కాలు పైకి లేవాలని చూస్తుంది. బోల్టు చుట్టూ కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఊడకుండా ఉండాలంటే దిమ్మె తల దగ్గర బోల్టులనూ లోపలి రాడ్లనూ కలిపి ఇనుప రింగులు చుట్టాలి. అవి మాకు చేరలేదు.

రేడియోలో అడిగాను. "రింగులు ఎప్పుడొస్తాయి? ఓవర్."

"నక్సలైట్లు దారిలో చెట్లు నరికి పడేశారు. లారీ రాదు. ఉన్నదాంతో కానివ్వు. ఓవర్."

పైన కాపలా కాయాల్సిన సెంట్రీ ఒడియా మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. నా పక్కనే నిలబడి విన్నాడు. "భాయ్, పైన ఉండేది నేను" అన్నాడు.

రింగుల్లేకుండా కాంక్రీటు పోయనని కమాండర్‌కు చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను కదల్లేదు. తిట్టి తిట్టి ఊరివైపు చూశాడు.

మర్నాడు పొద్దున జవాన్లు మూడు ఎడ్లబండ్ల చక్రాలు దొర్లించుకొచ్చారు. ఆ చక్రాల చుట్టూ ఇనుప పట్టాలు. వాటితో రింగులు చేయాలట. వెనకే ఊరి కమ్మరిని కూడా తోలుకొచ్చారు. బండ్లవాళ్లలో పోశయ్య అనే రైతు ఒక్కడే ధైర్యం చేసి వచ్చాడు.

"గా పట్టాలు తీస్తే చక్రం విచ్చుకపోతది బిడ్డా. రేపు పత్తి ఎట్ల తోలాలె? నువ్వు మా దిక్కోనివే గద. మీ సాబుకు జర చెప్పు."

చెప్పాను. కమాండర్ సిగరెట్ వెలిగించుకున్నాడు. "నీకు రింగులు కావాలా, వద్దా?" అన్నాడు.

అటు సెంట్రీ, ఇటు పోశయ్య. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. "కావాలి" అన్నాను.

కమ్మరి కొలిమి రాజేశాడు. "గీ పట్టాలు ఎక్కిచ్చింది నేనే. నా చేతితోనే నరికిస్తున్నరు" అంటూ సమ్మెట ఎత్తాడు. ఎర్రగా కాల్చి, నరికి, చదరంగా వంచాడు. దిమ్మెకు మూడేసి బిగించి కాంక్రీటు పోశాం. పోశయ్య తన బోడి చక్రాలు దొర్లించుకుంటూ పోయాడు, నావైపు చూడలేదు.

టవర్ లేచాక కొద్ది రోజులకే గాలివాన వచ్చింది. మెస్ రేకులు ఎగిరిపోయాయి. టేకు చెట్లు విరిగాయి. టవర్ మీద సెంట్రీ రెయిలింగ్ కౌగిలించుకుని కూర్చున్నాడు. గాలి తగ్గాక దిగి, దిమ్మెల చుట్టూ తిరిగి చేత్తో తడిమాడు. ఒక్క పగులు లేదు. కమాండర్‌కు మెప్పు వచ్చింది. పట్టాల సంగతి ఆ మెప్పులో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడైనా ఆ రింగులు నేను వద్దనను. కానీ ఆ కమాండర్‌ను తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

పత్తి చేతికొచ్చే కాలంలో నాకు బదిలీ వచ్చింది. స్టేషన్‌కు లారీలో బయల్దేరాను. ఇంటికి వచ్చాక అందరూ అడిగింది ఒకటే, కాల్పులు ఎన్ని చూశావని. నా కళ్లలో నిలిచింది కాల్పులు కాదు.

ఆ రోజు ఊరు దాటాక ఎదురుగా పోశయ్య బండి వచ్చింది. పత్తి బోరాలు సగమే ఎత్తాడు. చక్రాలు విచ్చుకోకుండా చుట్టూ ఆడవాళ్ల చీర పేలికలు బిగించి కట్టాడు, ఎరుపూ పసుపూ. అతని భార్య పక్కనే నడుస్తూ, జారిన ముడిని వంగి బిగిస్తోంది. ఎడ్లు నడుస్తున్నాయి, చక్రాలు తిరుగుతున్నాయి, రాళ్లబాట మీద బండి చప్పుడు మాత్రం లేదు.