అక్క పాసివ్ వాయిస్ నేర్చుకున్న ఆదివారాలు

తిరుపతిలో మా వంటగదిలో ఒక చిన్న బల్ల ఉంది. కూరగాయలు తరుక్కోవడానికని కొన్నాను. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలమంతా ఆ బల్ల మీదే మా అక్క ఇంగ్లీషు చదివింది. ప్రతి ఆదివారం పది దాటేసరికి చంద్రగిరి వైపు నుంచి వచ్చే బస్సు దిగి, ఆటో ఎక్కమంటే వినకుండా నడిచి వచ్చేది. సంచిలో ఒక నోటుపుస్తకం, ఒక స్టీలు డబ్బాలో నాకోసం చెనక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, ఉండేవి. ముందు డబ్బా ఇచ్చి, తర్వాతే పుస్తకం తీసేది. దక్షిణ ముందే అందితే అయ్యవార్లు కాస్త తక్కువ తిడతారని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏ ఆదివారమూ నిలబెట్టలేదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరును. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మేనమామ కొడుకును చేసుకుని మేం పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయింది. అక్కడి అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్ళుగా ఆయా. ఇంటింటికీ తిరిగి పిల్లలను పిలుచుకొచ్చేది, పప్పు వండేది, గుడ్లు ఉడకబెట్టేది, ముక్కులు తుడిచేది. పాటలు చెప్పేది, అక్షరాలు దిద్దించేది కూడా చాలా రోజులు ఆమే. టీచరమ్మకు మోకాళ్ళ నొప్పులు, మీటింగులు.

ఆ టీచరమ్మ ఎండాకాలంలో రిటైర్ కాబోతోంది. ఆయాగా చేసినవాళ్ళు పదో తరగతి పాసై, వయసు హద్దు దాటకుండా ఉంటే ఆ ఉద్యోగం ముందు వాళ్ళకే. అక్కకు హద్దు దాటడానికి ఏడాది కూడా లేదు. దూరవిద్యలో కట్టి మిగతా పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి. ఇప్పుడు తప్పితే ఆ తర్వాత పాసైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

"ఆ కుర్చీలో కూసోవాలని గాదు పాపా," అంది మొదటి రోజు. నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తుంది. "పద్దెనిమిదేండ్లుగా ఆ పిల్లకాయలు నన్ను ఆయా అనే పిలిస్తిరి. ఒక్క తూరి టీచరూ అంటే ఎట్లుంటాదో సూడాలని ఉండాది."

పాసివ్ వాయిస్ దగ్గర మా బండి ఆగిపోయింది. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టాను. 'రామా ఈట్స్ ఎ మ్యాంగో.' దాన్ని తిప్పితే 'ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై రామా.' అక్క ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"రాముడు మామిడిపండు తిన్నాడంటే సరిపాయ గదా. మామిడిపండు పోయి రాముడిసేత తినిపించుకునేదేంది?"

"ఇంగ్లీషులో అట్లే అంటారు."

"అంటే తినినోడు ఎవురో కడాన సెప్తారా? ముందే సెప్పేస్తే ఏం పోయ?"

నా నోరు మంచిది కాదు. స్కూల్లో పిల్లలు నాకు పెట్టిన పేరు నా చెవిన పడుతూనే ఉంటుంది, పచ్చిమిరపకాయ. మూడో ఆదివారం కూడా ఆమె 'ఈజ్' పెట్టాల్సిన చోట 'వాజ్', 'వాజ్' పెట్టాల్సిన చోట ఏమీ పెట్టకుండా పేజీ నింపేసరికి, ఎర్ర పెన్ను బల్ల మీద విసిరికొట్టాను. "పసిపిల్లలకు నేర్పుతానంటావు, ముందు నీకెవరు నేర్పేది?" అన్నాను. అక్క పుస్తకం మూసి, లేచి, సింకులో ఉన్న నా ఎంగిలి ప్లేట్లు కడగడం మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరేమన్నా ఆమె చేతులకు ఏదో ఒక పని దొరుకుతుంది.

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు క్షమాపణ చెప్పడం రాక పాఠం చెప్పడం నా అలవాటు. "అక్కా, ప్లేట్లు ఎవరు కడుగుతున్నారు?" అన్నాను.

"సూస్తా ఉండావు గదా, నేనే."

"ఆ ప్లేట్ల వైపు నుంచి ఇంగ్లీషులో చెప్పు."

చేతిలో నురగతోనే ఆలోచించింది. పెదవులు కదిలాయి. "ద ప్లేట్స్... ఆర్ బీయింగ్... వాష్డ్ బై మీ." ఆ 'బీయింగ్' దగ్గర మా తొమ్మిదో తరగతి ఫస్టు ర్యాంకులే తడబడతారు. మా అక్క ప్లేటు చేతిలో పట్టుకుని చెప్పేసింది.

ఆ రోజు నుంచి రాముడినీ మామిడిపండునూ వదిలేశాం. "పుస్తకంలో వాక్యాలు నీకొద్దు. నీ సంగతే రాయి. నీ పని, నీ ఊరు, నీ సెంటరు. నీదైతే తప్పు రాయవు," అన్నాను. అలా చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. స్టాఫ్‌రూములో కూడా గొప్పగా చెప్పుకున్నాను, పెద్దవాళ్ళకు పాఠం చెప్పాలంటే వాళ్ళ బతుకులోంచే చెప్పాలని.

నిజంగానే పని చేసింది. వారానికో కాలం, అంటే ఒక టెన్సు, పెట్టుకున్నాం. గుడ్లు నా చేత ఉడకబెట్టబడతాయి, ఉడకబెట్టబడ్డాయి, ఉడకబెట్టబడుతున్నాయి, అప్పటికే ఉడకబెట్టబడి ఉన్నాయి, రేపు ఉడకబెట్టబడతాయి. తెలుగులో చెప్తే నవ్వొచ్చే మాటలు ఇంగ్లీషులో చక్కగా కుదురుకున్నాయి. "ఉండేవి ఇరవై గుడ్లు. ఎన్ని తూర్లు ఉడకబెట్టేది పాపా, రబ్బరైపోతాయి," అనేది. కొన్ని కాలాల్లో పాసివ్ వాయిస్ లేనే లేదని చెప్పిన రోజు ఆమె ముఖం చూడాలి. బడికి సెలవిచ్చినట్టు చప్పట్లు కొట్టింది.

ఒక వారం రాసుకొచ్చిన వాక్యాల్లో ఒకటి, 'ఐ వాజ్ స్టాప్డ్ ఫ్రమ్ స్కూల్.' బడి మాన్పించబడ్డాను అని. కింద 'బై' అని రాసి, తర్వాత ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో ఎవరున్నారో మాకిద్దరికీ తెలుసు. అమ్మ చెనక్కాయ చేలల్లోకి కూలికి పోవాలి, నడక రాని నన్ను ఎవరో ఒకరు చూసుకోవాలి. తొమ్మిదేళ్ళ అక్కను నాయన బడి మాన్పించాడు. మళ్ళీ ఎప్పుడో పంపాడు, ఎనిమిదో తరగతిలో మళ్ళీ మాన్పించాడు. రెండోసారి కూడా కారణం నేనే. పక్క ఊరి బడికి నన్ను ఒంటరిగా పంపడం ఎందుకని, ఇంటి పనంతా అక్క మీద పెట్టి అమ్మ నాతో పాటు నడిచేది.

"ఈడ పేరు రాయాల్నా?" అంది అక్క, నా ముఖం వైపు చూడకుండా.

"అక్కర్లేదు. చేసిందెవరో చెప్పాల్సిన పని లేనప్పుడు వదిలేయొచ్చు," అన్నాను. ఆమె ఆ 'బై'ని గీత కొట్టేసింది. వ్యాకరణం ప్రకారం నేను చెప్పింది సరైనదే. ఆ రాత్రి మాత్రం అన్నం సయించలేదు.

ఉత్తరాలు కూడా అలాగే నేర్చుకుంది. స్నేహితురాలికి ఉత్తరం, పై అధికారికి ఉత్తరం. పైన కుడివైపు మా ఊరి పేరు, లోపల వాళ్ళ సెంటరు సంగతులు, కింద సంతకం. ఆమె పేరులో ఒక అక్షరం ఎక్కువ రాసేది. నేనే కొట్టేసి, దిద్ది, ఐదుసార్లు రాయించాను.

పరీక్ష తిరుపతిలోనే ఒక బడిలో పడింది. సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మూడు గంటలు గేటు ఎదురుగా చెరకురసం బండి దగ్గర కూర్చున్నాను. బయటికి వచ్చేటప్పుడు ఆమె నడవడం లేదు, పరుగు తీస్తోంది. నలభై నాలుగేళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని.

"అన్నీ వచ్చినాయి పాపా! నువ్వు సెప్పినట్టే. ఆ తిప్పి రాసేవి ఐదూ రాసేసినా. సొంతంగా రాయమనిన వాక్యాల్లో గుడ్లు ఉడకబెట్టినా, పాలు కాంచినా, పిల్లకాయలను తూకం ఏసినా. ఉత్తరమైతే పేజీన్నర. మన ఊరు, మన సెంటరు, మన టీచరమ్మ రిటైరయ్యేది, అంతా రాసినా. కింద నా పేరు ఒక్క తప్పు ల్యాకుండా రాసి సంతకం పెట్టినా."

చెరకురసం గ్లాసు నా చేతిలో ఉంది. దాన్ని బండి మీద పెట్టాను.

పరీక్ష పేపర్లో రాసినవాళ్ళ పేరు ఎక్కడా కనిపించకూడదు. ఊరు కనిపించకూడదు. దిద్దేవాళ్ళకు ఇది ఫలానావాళ్ళది అని తెలిసే గుర్తు ఏదున్నా కాపీ కొట్టినదానితో సమానం. మా బడిలో పిల్లలకు ఈ మాట వందసార్లు చెబుతాం. ఉత్తరం కింద పేరుకు బదులు ఎక్స్, వై, జడ్ అని రాయమంటాం. పరీక్షల ముందు రోజు ప్రార్థన దగ్గర నిలబెట్టి మళ్ళీ చెబుతాం. నేనే మైకులో చెబుతాను. ఆ వరసలో మా అక్క లేదు. దీపం కింద చీకటి అంటే నాకు అంతవరకూ ఒక సామెత మాత్రమే.

ఇంకొకటి కూడా చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు పేపర్లు దిద్దే హాల్లో ఎవరో ఒక విద్యార్థి ఉత్తరం కింద సొంత పేరు, ఊరు రాసి ఉంటే, ఆ పేపరు పక్కకు తీసి పై అధికారి చేతికి ఇచ్చింది నేనే. పక్కనున్న మాస్టారు "పల్లెటూరి బిడ్డ ఏమో, తెలియక రాసుంటాది, వదిలేయండి మేడం," అన్నాడు. "రూలు రూలే సార్," అన్నాను. టీ తాగి తర్వాతి పేపరు తీశాను.

ఇవేవీ అక్కకు చెప్పలేదు. దిద్దేవాళ్ళు చూసీ చూడనట్టు పోతారేమో అనుకున్నాను. నాలాంటివాళ్ళు కాకుండా ఆ మాస్టారులాంటి వాళ్ళ చేతిలో పడాలని కొండవైపు తిరిగి మొక్కుకున్నాను. బస్సెక్కేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఫలితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా టీచరమ్మ రిటైరైంది. కొత్త మనిషి వచ్చేదాకా సెంటరు తాళాలు అక్కకే ఇచ్చారు. పిల్లలను చూసుకోవడం, రిజిస్టరు రాయడం, గర్భిణులకు సరుకులు ఇవ్వడం, అన్నీ ఒక్కతే. ఫోను చేస్తే వెనక పిల్లల గోల వినిపించేది. "టీచరూ, వీడు గిల్లినాడు," అని ఎవరో అన్నారు ఒకరోజు. అక్క ఫోను చెవి దగ్గర నుంచి తీసి, "ఇనబడ్యా?" అంది.

ఫలితాల రోజు మా ఇంటికే వచ్చింది. నా ఫోనులో నంబరు కొట్టి చూశాను. ఇంగ్లీషు ఎదురుగా అంకెలు లేవు. రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి కాపీ కేసుకు గుర్తని నాకు తెలుసు. అక్క కళ్ళద్దాలు సవరించుకుని వంగింది.

"మార్కులు ల్యావే? ఈ అచ్చరాలు ఏంది పాపా?"

చెప్పొచ్చు. నువ్వు అన్నీ సరిగ్గా రాశావు, తప్పంతా నాది, నీ సంగతే రాయమన్నది నేను, నీ పేరు దిద్ది రాయించింది నేను అని చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

"తప్పినావక్కా," అన్నాను.

ఆమె ఫోను వైపే చూస్తూ, "తిప్పి రాసేటివి తప్పుంటాయి," అంది. "ఆ బీనూ బీయింగూ యాడో కలిపేసుంటా. నా బుర్ర అంతే." నేను కాదనలేదు. నా మాట మీద నమ్మకంతో ఆమె ఆ రెండు అక్షరాల గురించి ఇంకెవరినీ అడగలేదు.

కొత్త టీచరు డిగ్రీ చదివిన పిల్ల. చంద్రగిరి నుంచి స్కూటీ మీద వస్తుంది. మంచిపిల్లే. అక్కను అమ్మా అంటుంది. తాళాలు ఇచ్చేసిన రోజు పిల్లలు అలవాటుకొద్దీ టీచరూ అంటే, "నేను గాదు నాయనా, ఆ యమ్మ," అని తానే దిద్దిందట. ఈ సంగతి అక్క నాకు నవ్వుతూనే చెప్పింది. ఇప్పటికీ తలుచుకుంటే గుండెలో ముల్లు విరిగినట్టు ఉంటుంది.

పరీక్ష లేకపోయినా ఆ తర్వాతి ఆదివారం అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలో నోటుపుస్తకం లేదు. రెండు డజన్ల మామిడిపండ్లు, ఊరుబిండి డబ్బా ఉన్నాయి. బల్ల మీద పెట్టి, నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పాపా, ఒక మాట సెప్పల్లని వచ్చినా. వారమంతా బళ్ళో అరిసి అరిసి వస్తావు. ఉండేది ఒక ఆదివారం. దాన్ని గూడా నాకోసరం పాడు సేసుకుంటివి. అంత బాగా సెప్పిచ్చినావు, నాకు సాతగాల్యా. నీ పేరు సెడగొట్టినా." పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది, పిల్లలకు తుడిచినట్టే గబగబా. "నా మింద కోపం పెట్టుకోవద్దుమే."

ఊరుబిండి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను.

"పోనీలే అక్కా, పరవాలేదు," అన్నాను.