మచ్చలు లేని ముఖం

మొన్న మా మనుమరాలు నన్ను వాకిట్ల కుర్చీల కూసోబెట్టి, సెల్‌ఫోన్ల ఫొటో తీసి, తాతా ఎంత మంచిగొచ్చినవో చూడమని చేతికిచ్చింది. చూస్తే అది నా ముఖమే గానీ నాది కాదు. ఎనభై దగ్గరవడ్డ ముడతలన్నీ ఎటో పోయి, చెంపలు అప్పుడే గిలాబు చేసిన గోడ లెక్క నున్నగున్నయి. నేనేం చెయ్యలే, ఫోనే అట్ల చేస్తదన్నది పిల్ల. నా ఈడు వాళ్లకు తప్ప ఎవరికీ ఎరుకలేని ముచ్చట, ఈ పని ఫోన్ల కంటె ఎంతో ముందు మేం చేత్తోని చేసినం, పెన్సిల్ మొనతోని చేసినం. అది తలుచుకుంటే చాలు, నా మనసు తెలంగాణ కావాలని తొలిసారి ఊళ్లన్నీ లేచిన అరవై తొమ్మిదిల జనగామకు పోయి కూసుంటది.

మాది మానుకోట దిక్కు తండా. ఇంట్ల మాట్లాడేది మా భాష. తెలుగు బజారుకొచ్చి నేర్చుకున్నదే. ఇగ చదువంటరా, ఇరవై దాటేదాక నాకు అక్షరం ముక్క రాదు. జనగామ టేషను తొవ్వల ఒక సాబు ఫొటో స్టూడియోల పనికి కుదిరి, మొదట ఫొటోలు కడుగుడు, తర్వాత టచింగు నేర్చిన. టచింగంటే ఏమో కాదు, నెగెటివును అద్దం మీద పెట్టి, వెనుక నుంచి వెలుగు రానిచ్చి, సూది లెక్క చెక్కిన పెన్సిలుతోని ముఖం మీది మచ్చలను, గీతలను చుక్కచుక్కగా పూడ్చుడు. పెండ్లి చూపుల ఫొటోలకు మా దగ్గరికి జఫర్‌గఢ్ నుంచి గూడ వచ్చేటోళ్లు. టచింగు ఎంత వచ్చినా, మనిషిని ఎదురుంగ కూసోబెట్టి ఫొటో తీసుడు మాత్రం సాబుదే. కెమెరా నల్లగుడ్డ కింద నేను తల పెట్టి ఎరుగను.

ఆ ఊళ్లె ఒక పెద్ద చిత్రకారుడుండె. నాటకాల తెరలు రాసుట్ల ఆయనకు సాటి లేదని పట్నం పత్రికలు గూడ రాసేవి. ఉద్యమం లేచినంక తెరలు పక్కకుపెట్టి, గుడ్డల మీద నినాదాలు, గోడల మీద బొమ్మలు రాసుడు మొదలుపెట్టిండు. ఆయన ముఖం నిండ చిన్నప్పటి అమ్మోరు మచ్చలు. ఒకనాడు స్టూడియోకు మనిషిని పంపి, ఫొటో తియ్యాలె, రమ్మన్నడు. సాబు వరంగల్ పోయి కర్ఫ్యూల చిక్కుకున్నడు. ఇగ నేనే కెమెరా నెత్తిన పెట్టుకొని పోయిన.

ఆయన పనిచేసేది పాత పత్తి గోదాముల. పైన పెంకుల నడుమ అద్దపు పలక ఒకటుండె. అందుల నుంచి ఎండ నిలువుగ దిగి, రంగుల దుమ్ము ఆ ఎండల మెల్లగ ఈదుతుంటే, చుట్టూ వేలాడే తెరల మీది తోటలు, మేడలు గాలికి కదిలి, నేను మెలకువల ఉన్ననో లేదో నాకే తెల్వకపోయేది. నేను ఊకె కెమెరాను సర్దుతున్న. ఆయన నవ్విండు.

"తమ్మీ, నువ్వు పెట్టె దిక్కే చూస్తున్నవు. జర నా దిక్కు గూడ చూడు. నేనేం కరవ."

"చూస్తె భయమైతుందన్నా."

"గీ మచ్చలకా?"

"కాదు, నువ్వు పెద్దోనివని."

గప్పుడు చెప్పిండు ఫొటో ఎందుకో. వాళ్లవ్వ, కన్నతల్లి, భూపాలపల్లి అడవి అంచున ఉంటది, మంచం పట్టింది. ఊళ్లె అమ్మోరు పోసిన ఏడు ఈయనను చంకనేసుకొని మిరపకాయలు ఏర పోయిందట. అందుకే కొడుకు ముఖం పాడైందని, ఆ ముఖం చూసినప్పుడల్ల ఏడుస్తదట. చూడ పోదామంటే పోలీసులు ఈయన కోసం బస్సులు ఆపి వెతుకుతున్నరు. అవ్వకు ఎక్కువ దినాలు లేవు. మచ్చలన్నీ తీసేసి ఫొటో చెయ్యి, ఒక్కసారన్న నన్ను మంచి ముఖంతోని చూసి పోతదన్నడు. లోకంల ఉన్న ముఖాలన్నీ ఉన్నదున్నట్టు రాసిన మనిషి, తన ముఖం కాడికొచ్చేసరికి నన్ను బతిమిలాడిండు.

ఎట్లనో నల్లగుడ్డ కింద తల పెట్టి ఫొటో తీసిన. స్టూడియోకొచ్చి చీకటి గదిల ఎర్ర బల్బు కింద, మందు నీళ్లల్ల ఆయన ముఖం తేలుతుంటే చూసిన. తొలి చినుకులు పడ్డ దుబ్బ లెక్క ఉండె. ఇంత మంచిగున్నదాన్ని పూడ్చుడేందని మనసుల అనిపించింది గానీ, అడిగింది అవ్వ కోసం గదా. పెన్సిలు చెక్కి కూసున్న. నా బతుకుల అంత సాఫుగ మళ్లెప్పుడు చెయ్యలే. తిరిగొచ్చిన సాబు దాన్ని వెలుగుకు పట్టి చూసి, షాబాష్ బేటా అన్నడు.

ఫొటో నేనే తీసుకపోయిన. బస్సులు లేవు, లారీల కొంత, బండ్ల కొంత, మిగిలింది నడక. ఇప్పపూలు రాలిన తొవ్వ, మత్తు వాసన, ఎటు చూసినా ఎండుటాకులు. ఆ అడవిల నా అడుగుల చప్పుడు నాకే వేరేవాళ్లదోలె వినొచ్చేది. ఇల్లు దొరికింది. అవ్వను వాళ్ల బిడ్డ లేపి గడప కాడ వెలుతుర్ల కూసోబెట్టింది. అవ్వ ఫొటోను దగ్గరికి పెట్టుకొని చూసింది, దూరం పెట్టి చూసింది.

"మంచిగున్నడు పిలగాడు. ఎవల కొడుకు బిడ్డా?"

"నీ కొడుకే అవ్వ."

"నా కొడుకు నాకెరుక లేదా. వీడు ఎవలో దొరల పిలగాడు." ఫొటో నా చేతుల పెట్టింది. "ఎండల పడి వచ్చినవ్, ఇంత జొన్న గటక తాగు. నా కొడుకును రమ్మను. ఫొటోలు నాకెందుకు?"

తొవ్వ పొడుగునా, ఆయనకు ఏం చెప్పాలెనని గుంజాటన. చూసి మురిసిందని చెప్తే ఆయన ఇంకింత కాలం గోదాముల నిమ్మళంగ ఉంటడు. కానీ నాకు నోట్ల మాట దాసుడు రాదు, ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన మొదట పకపక నవ్విండు. నవ్వి నవ్వి ఒక తెర చాటుకు పోయిండు. శానసేపటికి వచ్చి కుంచెలు కడిగి బోర్లించిండు. పొద్దుగూకకముందే ఎడ్లబండి గడ్డిల పండుకొని ఎల్లిపోయిండు. పోయి అవ్వను చూసిండు. అవ్వ ఆయన ముఖం తడిమి, గిప్పుడు వచ్చినవా అన్నదట. తిరిగొచ్చేటప్పుడు పరకాల కాడ పట్టుకున్నరు. ఆయన జైలు నుంచి వచ్చేసరికి అవ్వ లేదు.

తర్వాత ఆయనే నాకు అక్షరాలు నేర్పిండు. గుడ్డ మీద నినాదం గీతలు తాను గీసి, లోపలి రంగు నన్ను నింపమనేటోడు. జై తెలంగాణల జ, త నాకట్లనే వచ్చినయి. మళ్ల ఫొటో దిగుమని ఎంత అడిగినా దిగలే.

ఆయన పోయి శానేండ్లయింది, తెలంగాణ వచ్చింది. ఈ ఏడు ఆవిర్భావ దినం నాడు మానుకోట చౌరస్తాల ఆయన బొమ్మతోని పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. మా సాబు స్టూడియోల మిగిలిన ఆ ఒక్క ఫొటోనే ఎట్లనో వాళ్ల చేతికి పోయింది. నున్నటి చెంపలు, దొరల పిలగాని లెక్క. ఫ్లెక్సీ కట్టే పిలగానితోని చెప్పిన, అన్నకు ముఖం నిండ మచ్చలుండెనని. వాడు నా దిక్కు చూసి, ఉంటే ఏందే తాతా, గిట్లనే మంచిగున్నడు గదా అని తాడు గుంజి ముడేసిండు. జనం వచ్చి దండం పెట్టిపోతున్నరు. అన్నను కండ్లార చూసినోళ్లెవరన్నా ఉంటరేమోనని ఎండ మీదికొచ్చేదాక అక్కడనే నిలవడ్డ. నా ఈడు వాళ్లు ఒక్కలూ రాలే.