బజ్జీల పొట్లంలో గండికోట

నేను ఓడిపోయిన వాదాలు చాలా తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు. ఓడిపోతున్నానని తెలియగానే గొంతు పెంచేవాణ్ణి. ఎదుటివాడు మర్యాదస్థుడైతే ఊరుకునేవాడు, కాకపోతే మైకు ఎలాగూ నా చేతిలోనే ఉండేది. అలాంటి నన్ను ప్రొద్దుటూరు నడివీధిలో, పట్టపగలు, జనం చూస్తుండగా వేలిగోరంత ప్లాస్టిక్ ఇటుకలు ఓడించాయి. ఆ ఓటమిలో నా సిద్ధాంతం, నా పరువు, నా రెండు కళ్ళు ఒకేసారి భగ్గుమన్నాయి. కళ్ళ సంగతి అలంకారం కోసం వాడిన మాట కాదని కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అప్పటికి నా వయసు ముప్పై దాటింది, తొందర మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. పగలు కాలేజీలో పాఠాలు, సాయంత్రం సభల్లో పోరాటాలు. మూఢనమ్మకం కనబడితే దాని మీద పడేవాణ్ణి, కనబడకపోతే వెతుక్కుంటూ పోయేవాణ్ణి. అన్నిటికన్నా నాకు పడనిది పుస్తకాలకు మొక్కడం. ఎవరైనా కాలికి తగిలిన పుస్తకాన్ని తీసి కళ్ళకు అద్దుకుంటే అక్కడే నిలదీసేవాణ్ణి. "కాగితం కట్టెతో చేస్తారు. కట్టెల మోపుకు కాలు తగిలితే కూడా ఇట్లే అద్దుకుంటారా?" అని అడిగేవాణ్ణి. జవాబు చెప్పిన వాళ్ళు లేరు. జవాబు లేక కాదు, నన్ను చూసి జాలిపడి అయివుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను చెప్పబోయే రోజుకు ముందు సాయంత్రమే రిటైరైన తెలుగు పండితులు నాగయ్య సారుతో ఈ విషయం మీదే సభలో వాదం జరిగింది. "బుర్ర ఉన్నవాడికి పుస్తకం అక్కర్లేదు" అని బల్ల గుద్దాను. చప్పట్లు మోగాయి. సారు నవ్వి కూర్చున్నారు. గెలిచానని నేనే ప్రకటించుకున్నాను.

ఇంతటి వీరుడికీ ఒక పిల్లచేష్ట ఉండేది. పక్కింటి ఖాదర్ బాషా కువైట్‌లో ఏసీలు బాగుచేసే పని చేస్తాడు. రెండేళ్ళకోసారి సెలవుకొస్తాడు. ఒకసారి నాకోసం చిన్న పెట్టె తెచ్చాడు. ఒకదానికొకటి తగిలించి బొమ్మ కారు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు. ఆ కారు కట్టిన రోజునుంచి నాకు ఆ పిచ్చి పట్టింది. ఇక్కడి బజారులో దొరికే నకిలీ ఇటుకలు కూడా కొని ఒక నెయ్యి డబ్బా నింపాను. ఈ వ్యసనం ఎంత సుఖమైనదో మీకు తెలియదు. పలచటి ముక్కలు రెండు అతుక్కుంటే గోళ్ళతో రావు, పళ్ళతో పీకాలి. చివరికి కావలసిన ముక్క ఒక్కటే ఎప్పుడూ చెత్తబుట్టలో ఉంటుంది. చీకట్లో కాలి కింద పడితే అది ఇటుక కాదు, తేలు. అయినా మానలేదు. నాకున్న అనుభవంతో, ఇటుకల విషయంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఖాదర్ కూతురు రిజ్వానాకు పెద్ద పెట్టె తెచ్చాడు. మీద కోట బొమ్మ. బూడిదరంగు గోడలు, బురుజులు, గొలుసులతో పైకి లేచే గేటు. రిజ్వానా ఐదో తరగతి. బడివాళ్ళు అప్పుడే జమ్మలమడుగు మీదుగా తీసుకుపోయి గండికోట చూపించారు. "ఇది గండికోటే మామా, గేటు మాత్రం యేరే" అని తేల్చేసింది. ఖాదర్‌కు సెలవంతా పెళ్ళిళ్ళతో, పలకరింపులతో, మిద్దె కారకుండా చేయించుకోవడంతో గడిచిపోయింది. రేపు కడదాం, రేపు కడదాం అంటూ ఉండగానే ప్రయాణం రోజు వచ్చేసింది. ఆ పొద్దున జమ్మలమడుగులో ఉన్న అక్కకు చెప్పి రావడానికి బయల్దేరుతూ మా ఇంటి ముందు స్కూటర్ ఆపాడు.

"మామా, మాపటికి ఆటో వస్తాది. నేనొచ్చే యాళకు కోట లేచి ఉండల్ల. ఆ గేటు నా చేత్తో ఒకసారి ఎత్తి పోతా. పిల్లకు మాటిచ్చినా."

"నువ్వు నిమ్మళంగా పోయి రా ఖాదరా. కోట కాదు, ఊరే కట్టి పెడతా."

"ఊరొద్దు. గేటు లేస్తే చాలు."

మళ్ళీ అతను వచ్చేది రెండేళ్ళకు. రిజ్వానా వాళ్ళ నాయన స్కూటర్ సందు తిరిగేదాకా చూసి, పెట్టె ఎత్తుకుని మా వరండాలోకి వచ్చింది. వాళ్ళ ఇల్లు చుట్టాలతో, సూట్‌కేసులతో కిక్కిరిసి ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ పిల్ల నా భార్య లక్ష్మీదేవిని అడిగి గిన్నెలు తెచ్చుకుని, ఇటుకలను వాటిలో వేరు చేస్తూ కూర్చుంది.

"ఏందిది?"

"రంగు రంగు యేరు పెడ్తాండా మామా. దొరకడానికి బాగుంటాది."

నాలోని ఉపన్యాసకుడు లేచి నిలబడ్డాడు. "యేరు యేరు గిన్నెలా? హోటళ్ళలో కొందరికి యేరే గ్లాసు పెట్టే పద్ధతి పోవడానికి ఎంతమంది కొట్లాడినారో తెల్సా నీకు? ఇటుకల్లో ఎక్కువ తక్కువ లేవు. అన్నీ ఒకటే."

"అన్నీ ఒకటే అయితే ఇన్ని రకాలు ఎందుకు చేసినారు?"

జవాబు తోచనప్పుడు నేను ఆచరణలోకి దిగేవాణ్ణి. గిన్నెలన్నీ చాప మీద బోర్లించాను. అక్కడితో ఆగకుండా, సమానత్వం సంపూర్ణం కావాలని, నా నెయ్యి డబ్బా కూడా తెచ్చి ఆ కుప్పలో గుమ్మరించాను. వంటింటి గుమ్మంలోంచి చూసిన లక్ష్మీదేవి "అయిపాయ" అని లోపలికి వెళ్ళిపోయింది.

రిజ్వానా కోటతో వచ్చిన పుస్తకం తెరిచింది. అందులో అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే. ఏ ఇటుక తర్వాత ఏది పెట్టాలో వరసగా వేసి ఉంది.

"మూసెయ్," అన్నాను. "యాడో ఎవరో చెప్పినట్టు పెట్టడానికి మనకు తల ఎందుకు? గోడ ఎట్లా నిలబడుతుందో ఆలోచిస్తే గోడ లేస్తాది."

"రాసినాయన తెలిసే రాసింటాడు గదా."

"నిన్న నాగయ్య సారూ ఇదే అన్యాడు. ఏమాయ?"

"ఏమాయ?"

"ఓడిపాయ."

"ఎవురు చెప్పినారు?"

"నేనే."

సరిగ్గా ఆ సమయానికి ఓబులమ్మ వచ్చింది. వీధి చివర బజ్జీల బండి ఆమెది. పొట్లాలు కట్టడానికి మా ఇంట్లో పాత పేపర్లు తీసుకుపోతుంది. పేపర్ల కట్ట ఇచ్చి, దాని మీద ఆ పుస్తకం పెట్టాను.

"ఇదేందప్పా, పిల్లోళ్ళ పుస్తకం మాదిరుండాదే."

"తీస్కపో ఓబులమ్మా. మాకు దాంతో పని లేదు."

ఆమె ఒక పేజీని వేళ్ళ మధ్య రుద్ది చూసింది. "శానా నున్నగుంది. నూనె చుక్క గూడా పీల్చదు" అని మెచ్చుకుంది. ఈ మాట మీరు గుర్తుంచుకోండి. నేను ఉంచుకోలేదు.

రిజ్వానా ఓబులమ్మ గంప గేటు దాటేదాకా చూసి, చాప దగ్గరికి తిరిగి వచ్చింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. గోడలు లేచాయి. వాటిని చూసి నేను మీసం దువ్వాను. భోజనాల వేళకు ఎడమ బురుజు పక్కకు ఒరగడం మొదలైంది. నా డబ్బాలోని నకిలీ ఇటుకలు చూడటానికి అచ్చం అలాగే ఉన్నా వెంట్రుకవాసి లావు. వరస వరసకూ ఆ వెంట్రుకలన్నీ కలిసి బురుజును గర్భిణిలా ఉబ్బించాయి. ముదురు బూడిద ఏదో లేత బూడిద ఏదో నీడపట్టున తెలియడం లేదు. ఒక్క ముక్క కోసం కుప్పంతా కెలకాలి, కెలికితే అంతకుముందు దొరికింది మునిగిపోతుంది.

ఎండ వరండా మెట్లు దిగేసరికి గేటు దగ్గరికి వచ్చాం. తగిలించాం. గొలుసు లాగాను. గేటు లేవలేదు. గట్టిగా లాగాను. గొలుసు ఊడి వచ్చింది. అప్పుడు అర్థమైంది, గొలుసు చుట్టుకునే ఇరుసు గోడ కట్టకముందే అడుగున పెట్టాలని. ముందు గోడ మొత్తం విప్పాలి. విప్పినా ఇరుసు ఎక్కడ, ఏ వైపు, దేనితో? నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఆలోచిస్తే గోడ లేవలేదు, ఉన్నది కూలింది.

"మామా, నాయన వచ్చేస్తాడు."

ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. మామూలు గొంతుతోనే అంది.

"గేటు లేకున్నా కోట కోటే గదమ్మా," అన్నాను.

"గేటు లేకుంటే నాయన ఏమెత్తుతాడు?"

ఎన్నో సభలు చూశాను కానీ ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చెప్పులు వేసుకుని పరిగెత్తాను.

బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. మూకుట్లో మిరపకాయ బజ్జీలు బుసకొడుతున్నాయి. పుస్తకం అట్ట ఓబులమ్మ కాలి దగ్గర ఉంది, లోపల సగం పేజీలు లేవు.

"పేజీలు యాడ ఓబులమ్మా?"

"యాడంటే? తింటాండారు."

మిగిలినవి లాక్కుని, తినేవాళ్ళ మీద పడ్డాను. "అన్నా, బజ్జీ తిను, కాగితం ఇయ్యి. నీ చేతిలో ఉండేది మా ఎడమ బురుజు." ఒకతను భయపడి బజ్జీతో సహా ఇచ్చేశాడు. నేలమీద ఉండలు చుట్టి పారేసిన వాటిని విప్పి చూశాను. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. గేటు పేజీ.

"గొలుసు బొమ్మ ఉండే కాగితమా?" అంది ఓబులమ్మ. "ఇప్పుడే సారుకు కట్టిస్తి."

కిరాణా అంగడి ముందు బండ మీద నాగయ్య సారు కూర్చుని ఉన్నారు. ఒడిలో వేడి వేడి పొట్లం. పొట్లం మీద నా గేటు.

"సారూ, ఆ కాగితం ఇయ్యండి."

"దీంట్లో బజ్జీలుండాయి గదప్పా."

"యేరే కాగితంలో పెట్టిస్తా."

"దీంట్లో ఏముంది అంత?"

"గేటు ఎట్లా లేస్తాదో దాంట్లోనే ఉంది సారూ."

ఆయన పొట్లం వైపు, నా చంకలోని జిడ్డు కాగితాల వైపు మార్చి మార్చి చూశారు. "బుర్ర ఉండేవానికి పుస్తకం అక్కర్లేదంటివే నిన్న."

"అంటి."

"మరి?"

"గేటు లేవలేదు సారూ."

బండి దగ్గరి జనం మా చుట్టూ చేరారు. నిన్న చప్పట్లు కొట్టిన ముఖాలు కొన్ని వాళ్ళలో ఉన్నాయి. వీధి మొదట్లో స్కూటర్ హారన్ వినిపించింది. తిరిగి చూశాను. ఖాదర్ కాదు, ఎవరో.

"అందరూ ఇనేట్టు చెప్పు," అన్నారు సారు. "పుస్తకం ప్రమాణమా, కాదా?"

"ఈ ఒక్క పుస్తకం ప్రమాణమే."

"నాకు ఆ ఒక్కటి చాలప్పా."

ఆయన చివరి బజ్జీని పద్యానికి అర్థం చెప్పినంత నిదానంగా నమిలారు. కాగితం మడత విప్పి నా చేతిలో పెట్టారు. చూశాను. ఇరుసు, గొలుసు, పిడి, అన్నీ ఉన్నాయి.

తర్వాత జరిగింది నేను చేసింది కాదు. పసితనంలో మా అమ్మ నా చేతులకు నేర్పింది, నా బుర్రను అడగకుండా ఆ చేతులు చేశాయి. ఆ కాగితాన్ని రెండు చేతులా ఎత్తి, భక్తిగా, రెండు కళ్ళకూ గట్టిగా అద్దుకున్నాను.

కాగితం చుక్క నూనె కూడా పీల్చలేదు. మొత్తం నాకోసం దాచిపెట్టింది.

"మిరపకాయ నూనె రా సామీ," అన్న ఓబులమ్మ గొంతు వినబడింది. కనబడడం అప్పటికే ఆగిపోయింది. నలుపుకున్నాను, ఆ వేళ్ళకూ అదే నూనె. ప్రొద్దుటూరు మొత్తం నా కళ్ళలో బజ్జీలు వేసుకుంటున్నట్టుంది. "రా నాయనా, మెట్టుంది" అంటూ నాగయ్య సారు నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించారు. పుస్తకాలకు మొక్కవద్దన్న నన్ను, మొక్కే మనిషి నడివీధిలో చెయ్యిపట్టి తీసుకుపోతున్నాడు. వెనక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదొక్కటే దయ.

ఇంటికి పోయేసరికి రిజ్వానా ఇటుకలను మళ్ళీ గిన్నెల్లోకి వేరు చేసి సిద్ధంగా ఉంది. ఈసారి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. లక్ష్మీదేవి నా ముఖాన్ని బక్కెట్లో ముంచింది. సారు చాప మీద కూర్చుని పేజీలు తిప్పారు, పిల్ల కట్టింది, నేను ఏడ్చాను. ఎవరి పని వాళ్ళం చేశాం.

గోడ లేచింది. ఇరుసు కూర్చుంది. గొలుసు చుట్టుకుంది.

"పిడి లేదు," అంది రిజ్వానా.

గొలుసును తిప్పే చిన్న పిడి. గిన్నెలు వెతికారు, చాప దులిపారు, లక్ష్మీదేవి చెత్తబుట్ట కూడా కుమ్మరించింది. వీధిలో మళ్ళీ స్కూటర్ చప్పుడు. ఈసారి మా ఇంటి ముందే ఆగింది. నేను కళ్ళు మూసుకునే కుళాయి వైపు ఒక అడుగు వేశాను. అరికాల్లో మేకు దిగినట్టయి కేక పెట్టాను.

"కదలొద్దు మామా." రిజ్వానా నా పాదాన్ని ఎద్దుకు లాడం కొట్టేవాడిలా ఎత్తి చూసింది. "ఇదే."

కళ్ళున్న ముగ్గురికి దొరకనిది కళ్ళులేని నా కాలికి దొరికింది.

ఖాదర్ చెప్పులు విప్పకుండానే వరండాలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిడి పట్టుకుని తిప్పాడు. గొలుసు బిగిసింది. గేటు ఒక క్షణం మొరాయించింది. తర్వాత కిర్రుమంటూ పైకి లేచింది. అతను దించాడు, మళ్ళీ ఎత్తాడు. రిజ్వానా నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వును నేను మసకగానైనా చూశాను.

అప్పుడు ఖాదర్ నా వైపు తిరిగాడు.

"మామా, నువ్వేంది, ఇంతగా ఏడుస్తాండావు?"

నా కళ్ళు మోదుగుపూలు. నీళ్ళు ధారగా కారుతున్నాయి. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అతను గభాలున కౌగిలించుకున్నాడు.

"సభల్లో పులి మాదిరి అరుస్తావు. నీ లోపల నామీద ఇంత ఉందని నాకు తెలీదప్పా."

అతనూ ఏడ్చాడు. గుమ్మంలో నిలబడిన అతని భార్యా ఏడ్చింది. లక్ష్మీదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది ఏడుపు కాదని నాకొక్కడికే తెలుసు. నాగయ్య సారు గొంతు సవరించుకుని ఆకాశం చూశారు. "నాయనా, మామ ఏమి చేసినాడంటే" అని రిజ్వానా మొదలుపెట్టబోతే ఆమె భుజం నొక్కాను. ఇంతలో ఆటో వచ్చింది. బస్టాండు దాకా సాగనంపడానికి ఆ పిల్ల నాయనతో ఆటో ఎక్కింది.

ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి శుక్రవారం ఫోన్. "మామా, ఏడ్చొద్దప్పా, నేను బాగుండా." నేనూ గొంతు బరువుగా పెట్టి, "నువ్వు లేక వీధి బోసిపోయింది ఖాదరా" అనేవాణ్ణి. ఒక్కోసారి మూలుగు కూడా జోడించేవాణ్ణి. ఫోన్లో అవతల, ఖాదర్ గదిలో ఎవరో దగ్గుతున్నట్టు, ఎక్కిళ్ళు పెడుతున్నట్టు వినిపించేది. పరాయి దేశంలో ఎంత దుఃఖం పాపం అనుకున్నాను.

మరుసటి సెలవుకు ఖాదర్ నాకోసం కొత్త పెట్టె తెచ్చాడు. మూత తీసి ముందుగా పుస్తకం బయటికి తీశాడు. జేబు రుమాలుతో రెండువైపులా శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు.

"కండ్లకద్దుకో మామా. ఈసారి నూనె లేదులే."

ఆనాడు ఆటో బస్టాండు చేరకముందే రిజ్వానా మొత్తం చెప్పేసిందట. రెండేళ్ళూ నా మూలుగులను ఆ గదిలో ఉన్నవాళ్ళంతా స్పీకర్ పెట్టుకుని విన్నారట. శుక్రవారం సెలవుకు అదే వాళ్ళ వినోదమట.

కాబట్టి పాఠకులారా, ఓబులమ్మ మూకుడు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ పుస్తకాన్నైనా ప్రశ్నిస్తాను, ఆ హక్కు వదులుకోను. అయితే ప్రశ్నలు పూర్తయ్యేదాకా దాన్ని బజ్జీల బండికి ఇవ్వను. ఇటుకలను ఎవరి గిన్నెలో వాటిని ఉండనిస్తాను, సమానత్వాన్ని మనుషుల మధ్యే సాధిస్తాను. ఈ ప్రతిజ్ఞ ఆ కోట పుస్తకం మీదే చెయ్యి పెట్టి చేయాలని నాగయ్య సారు పట్టుబట్టారు. జిడ్డు మరకలతో సహా దాన్ని రిజ్వానా తీసుకొచ్చింది. చెయ్యి పెట్టాను. ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాను.